పదకొండో సెకను

"ఆ పాట మీరు ఆపుతారా, నన్నే ఆపమంటారా?"

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే నిలబడి అడిగాడు. అప్పటికి సాయంత్రం అయిదూ అయిదు నిమిషాలు. వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న అక్క లేవలేదు సరికదా, మౌస్ మీద చెయ్యి వేసి వాల్యూము ఇంకో రెండు గీతలు పెంచింది. కిటికీ అవతల పెరటి గోడకు బిగించిన రెండు స్పీకర్లూ గొంతు చించుకున్నాయి.

"ఆపను," అంది అక్క. "రోజూ అయిదింటికి మా చెల్లెలు పెట్టేది, ఇప్పుడు ఆఫీసుకు సెలవు పెట్టి నేను పెడుతున్నాను. అదొచ్చి తన చేత్తో తను ఆపేదాకా ఇది మోగుతూనే ఉంటుంది."

"మీ చెల్లెలు వెళ్ళిపోయి ఆరు రోజులైందమ్మా."

"వెళ్ళిపోలేదు. కనబడటం లేదు. ఆ రెండూ ఒకటి కావు."

గది మూల స్టూలు మీద కూర్చున్న ఆపరేటరమ్మ ఆ మాటకు తలెత్తింది. ఇరవై ఆరేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకు కలిపిన మనిషి. ఎక్స్ఛేంజి మూతపడ్డాక తప్పిపోయినవాళ్ళను వెతికిపెట్టడమే పనిగా పెట్టుకుంది. నెల్లాళ్ళు పోలీసులు గాలించినా దొరకని మనిషిని ఆవిడ రెండు రోజుల్లో పట్టి తెచ్చిన దగ్గర్నుంచీ ఇన్‌స్పెక్టరుకు ఆవిడంటే కంట్లో నలుసు. ఈ ఇంటికి ఆవిడ వచ్చింది నిన్న మధ్యాహ్నం.

"మీరూ ఇక్కడే ఉన్నారా, ఆపరేటరమ్మా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఈసారి రాంగ్ నంబరు కలిసినట్టుందే."

"నంబరు సరైందే బాబూ. అవతల ఎత్తేవాళ్ళే లేరు."

ఇన్‌స్పెక్టరు వెనక నుంచి సబ్బు వాసన ముందొచ్చింది, ఆ తర్వాత పళ్ళ డాక్టరు వచ్చాడు. పడమటి గోడకు అవతలి ఇల్లు ఆయనదే. ముందు క్లినిక్కు, వెనక ఇల్లు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. చేతిలో ఫిర్యాదు కాగితం.

"నాకు ఎవరి మీదా కోపం లేదండీ," అన్నాడు. "పేషెంటు నోరు తెరిచి కూర్చున్నప్పుడు ఈ మోత మొదలైతే నా చెయ్యి అదురుతుంది. పన్ను తియ్యబోయి నాలుక తీస్తే ఎవరిది బాధ్యత?"

"విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆరింటిదాకా చూస్తాను. ఆరు కొట్టగానే ఈ కంప్యూటరు స్టేషనుకు పోతుంది."

ఆపరేటరమ్మ కంప్యూటరు వైపు చూసింది. ఈ మధ్యాహ్నం వరకూ ఆ పెట్టె ఆవిడ కంటికీ ఒట్టి పాటల పెట్టే. ఇప్పుడు కాదు. ఆవిడ అనుమానం నిజమైతే ఆ పిల్ల ఇంకా బతికే ఉంది, ఆ పిల్లకూ ఈ లోకానికీ మధ్య మిగిలిన ఒకే ఒక్క దారం ఈ కంప్యూటరు. అది గది దాటితే దారం తెగినట్టే.

"యాభై అయిదు నిమిషాలు ఇచ్చారు, సంతోషం," అంటూ లేచింది. "అందులో అయిదు నిమిషాలు నాతో పెరట్లోకి రండి. డాక్టరు గారూ, మీరు కూర్చోండి. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళు నిలబడితే మాకు మర్యాద కాదు."

*

పెరట్లో స్పీకర్ల మోతకు ఇద్దరూ దగ్గరగా నిలబడి మాట్లాడుకోవలసి వచ్చింది.

"మీ దగ్గరున్న రుజువులు ఏమిటో మళ్ళీ ఒకసారి చెప్పండి," అంది ఆపరేటరమ్మ.

"మూడు. ఆ రోజు ఆరూ నలభైకి అక్క ఫోనుకు మెసేజి, 'నా కోసం వెతకొద్దు' అని. ఏడూ పదికి చెల్లెలి ఫోను బస్టాండులో ఆగిపోయింది. ఇంట్లో చిన్న సూట్‌కేసు లేదు. ఇరవై ఏడేళ్ళ పిల్ల, సొంత సంపాదన, ఊరంతా మైకులూ స్పీకర్లూ బిగించి బతుకుతోంది. అక్క చాదస్తం భరించలేక పోయింది. ఇందులో వెతకడానికి ఏముంది?"

"ఫోను బస్టాండుకు వెళ్ళింది. ఫోనుకు కాళ్ళుండవుగా. ఎవరు తీసుకెళ్ళినా వెళ్తుంది. ఆ రోజు సాయంత్రం అక్క ఆరున్నరకు ఆఫీసు నుంచి వచ్చింది. వీధి తలుపు తీసే ఉంది. సూట్‌కేసు ఎవడైనా పట్టుకుపోవచ్చు." ఆవిడ పడమటి గోడ వైపు నడిచింది. "ఇది చూడండి."

పడమటి వైపు స్పీకరుకు కింద నాలుగు స్క్రూలు. మూడు బిగుతుగా ఉన్నాయి. నాలుగోది సగం బయటికే ఉంది. కింద ఎత్తు స్టూలు అలాగే ఉంది. స్టూలు పక్కన గడ్డిలో స్క్రూడ్రైవరు, మంచుకు తడిసి కొన తుప్పెక్కుతోంది.

"స్క్రూ వదులైంది. అయితే?"

"వదులవలేదు, బిగుసుకోలేదు. బిగిస్తూ ఉండగా ఆగిపోయింది." ఆపరేటరమ్మ గొంతు తగ్గింది. "బాబూ, నేను ఇరవై ఆరేళ్ళు జనం వీడ్కోళ్ళు విన్నాను. ఇల్లు వదిలి పోదామని నిశ్చయించుకున్నవాళ్ళు ఏదో ఒక పని పూర్తి చేసి మరీ పోతారు. పాలు కాచి మూత పెడతారు. ఆరేసిన బట్టలు మడతపెడతారు. పోయేవాళ్ళకు ఆ చివరి పని మీద ఎక్కడలేని శ్రద్ధ ఉంటుంది. నాలుగు స్క్రూల్లో మూడు బిగించి ఏ పనివాడూ, ఏ పనిమనిషీ, ఏ మైకు పిల్లా ఇల్లు వదిలి పోదు."

"కోర్టులో ఈ కవిత్వం చెల్లదు."

"కోర్టు దాకా ఎందుకు, స్టూలెక్కండి చాలు."

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూనే ఎక్కాడు. స్పీకరు ఎత్తుకు తల వచ్చేసరికి గోడ అవతల పళ్ళ డాక్టరు ఇంటి వెనక గది, దాని వెంటిలేటరు ఎదురుగా కనిపించాయి. వెంటిలేటరుకు ఇప్పుడు లోపలినుంచి అట్టముక్క అడ్డం పెట్టి ఉంది.

"అట్ట కొత్తది," అంది ఆపరేటరమ్మ కిందినుంచి. "ఇక ఇది చూడండి. పొద్దున పూలకుండీ వెనక దొరికింది."

మందు సీసాకు అంటించే లేబులు అది. పైన ఒక తేదీ, వచ్చే ఏడాదిది. గోటితో పైపొర లేపితే కింద ఇంకో లేబులు, రెండేళ్ళ క్రితమే గడువు తీరిన తేదీతో. పంటికి ఇచ్చే మత్తుమందు పేరు రెండిటి మీదా ఒకటే.

"గాలికి కొట్టుకొచ్చిన కాగితం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అయినా కాగితం తిరిగి ఇవ్వలేదు.

"కిందటి నెల ఆయన కుర్చీలో కూర్చున్న ముసలాయన మళ్ళీ లేవలేదు కదూ?"

"గుండె ఆగింది."

"మత్తు ఇచ్చాక ఆగింది. ఈ పిల్ల స్పీకరు తిప్పుతూ స్టూలెక్కింది. ఆ వెంటిలేటరులోంచి, ఆయన పాత మందుకు కొత్త లేబుళ్ళు అంటించడం చూసింది. ఈ పిల్ల చూడటం ఆయన కంటబడింది."

"అంటే ఆయన చంపేశాడంటారా? శవం ఏది?"

"చంపలేదు. ఎవరికి చెప్పిందో, ఏం దాచిందో తెలిసేదాకా చంపడు. లోపలికి రండి. పాటలు ఏం చెబుతున్నాయో విందాం."

*

అయిదూ ఇరవై. పళ్ళ డాక్టరు కుర్చీలో పొందిగ్గా కూర్చుని ఉన్నాడు. అక్క ఆయన వైపు వీపు పెట్టి కూర్చుంది.

"అమ్మాయీ, మీ అమ్మ పాట సంగతి ఈయనకు చెప్పు," అంది ఆపరేటరమ్మ.

"అది పాట కాదు పిన్నిగారూ, కూనిరాగం," అంది అక్క. "అమ్మ బఠాణీలు ఒలుస్తూ పాడుకుంటుంటే నేను చాటుగా రికార్డు చేశాను. పదమూడో సెకనులో అమ్మకు దగ్గొస్తుంది. ఆ దగ్గుతోనే పోయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నేను దాన్ని పాటల జాబితాలో పెట్టడం, చెల్లెలు అది రాగానే దాటించెయ్యడం. దగ్గు వినలేనంటుంది. రాగం వదులుకోలేనంటాను నేను. దీని మీద మేం పోట్లాడుకోని వారం లేదు."

"దగ్గు ఒక్కటీ కత్తిరించొచ్చుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అక్క ఆయన్ను ఎగాదిగా చూసింది. "మా అమ్మను కత్తిరించమంటారా?"

"చెల్లెలు పోయాక కూడా ఆ పాట పెట్టావా?" అంది ఆపరేటరమ్మ.

"పెట్టాను. మొండికి పెట్టాను. రోజుకో చోట పెట్టాను. 'ఎక్కడున్నావో గానీ, రా, వచ్చి పోట్లాడు' అని."

"అది పూర్తిగా మోగిందా?"

"లేదు. ఎప్పుడూ మోగదుగా." ఆ మాట అంటూనే అక్క కంప్యూటరు వైపు తిరిగింది.

"అదీ సంగతి," అంది ఆపరేటరమ్మ. "ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పాట పదకొండు సెకన్లు దాటలేదు. అందుకని ఈ అయిదు రోజులూ పదకొండు సెకన్లకే తెగిపోతుంటే మీకు వింతగా అనిపించలేదు. కొత్తదాన్ని కాబట్టి నాకు తోచింది. ఇన్‌స్పెక్టరు గారూ, ఏ పాట ఎన్నింటికి మొదలైందో, ఎన్నింటికి ఆగిందో కంప్యూటరే రాసిపెట్టుకుంది. మొదటి రోజు ఈ అమ్మాయి మూడో పాటగా పెట్టింది. అయిదూ పద్నాలుగుకు మొదలై పదకొండు సెకన్లకు తెగింది. రెండో రోజు అయిదో పాట. తెగింది. మూడో రోజు అన్నిటికన్నా ముందు, నాలుగో రోజు అన్నిటికన్నా చివర పెట్టింది. నిన్న రెండుసార్లు పెట్టింది. అన్నిసార్లూ తెగింది. మిగతా పాటల్లో ఒక్కటీ తెగలేదు."

"పాత కంప్యూటరు. వేడెక్కి..."

"వేడెక్కిన కంప్యూటరుకు ఈవిడ అమ్మ గొంతు గుర్తుపట్టేంత తెలివి ఉంటుందా? ఇలా రండి."

కంప్యూటరు వెనక గోరంత నల్లటి ముక్క గుచ్చి ఉంది. దాని మీద చిన్న పచ్చ దీపం.

"ఇది చెల్లెలి రిమోటుది," అంది అక్క మెల్లగా. "వేలెడంత రిమోటు. మూడే బటన్లు. పెంచడం, తగ్గించడం, తర్వాతి పాట. మొక్కలకు నీళ్ళు పోస్తూ పెరట్లోంచే నొక్కేది. తాడు కట్టి మెళ్ళో, జాకెట్టు లోపల వేసుకునేది. నేనెప్పుడూ ముట్టుకోలేదు. నాకు మౌసే అలవాటు."

"ఎంత దూరం పనిచేస్తుంది?"

"ముప్ఫై అడుగులు. గోడ అడ్డమున్నా పనిచేస్తుంది."

ఆపరేటరమ్మ సంచిలోంచి దర్జీ టేపు తీసి బల్ల మీద పెట్టింది. "మధ్యాహ్నం ఈ కంప్యూటరు దగ్గర్నుంచి కొలిచాను. ముందు వీధి నలభై అయిదు అడుగులు. తూర్పున సందు దాటి ఇల్లు యాభై. వెనక ఖాళీ స్థలం, మనిషి దాక్కోవడానికి చెట్టు కూడా లేదు. పడమటి గోడ పద్నాలుగు అడుగులు. గోడ అవతల గది ఇరవై రెండు."

గదిలో అందరి చూపూ ఒకే వైపు తిరిగింది.

పళ్ళ డాక్టరు నవ్వాడు. చాలా మంచి పళ్ళు. "భలే ఉందండీ. పాట తెగితే నేను దొంగనా?"

"మీరు పాట ఎక్కడ కూర్చుని విన్నారు డాక్టరు గారూ?"

"నా క్లినిక్కులో."

"నిన్న అయిదూ ఇరవైకి నేను మీ కుర్చీలోనే ఉన్నాను, దవడ నొప్పని వచ్చాను, గుర్తుందా? అద్దాల తలుపులు, ఏసీ. మీరు నా పన్ను మీద కొట్టిన టకటక తప్ప ఇంకేం వినబడలేదు. ఈ చెవులకే వినబడలేదంటే ఎవరికీ వినబడదు. ఈ స్పీకర్లు పెరటి వైపు తిరిగి ఉన్నాయి."

"వెనక వైపు తిరిగేటప్పుడు..."

"వెనక గది రెండేళ్ళ బట్టి తాళం వేసే ఉందనీ, తుప్పు పట్టి తాళంచెవి తిరగడం లేదనీ నిన్న మీరే చెప్పారు." ఆవిడ ఇన్‌స్పెక్టరు చేతిలో ఫిర్యాదు వైపు చూపించింది. "రెండో పేరా పైకి చదవండి బాబూ."

ఇన్‌స్పెక్టరు చదివాడు. "'ముఖ్యముగా ఒకే పాట ప్రతిదినము మొదలై వెంటనే తెగిపోవుచు మిక్కిలి చికాకు కలిగించుచున్నది...'" చదువుతూ చదువుతూ ఆగాడు.

"ఆ కూనిరాగం లోగొంతుతో పాడినది," అంది ఆపరేటరమ్మ. "గోడ పక్కన చెవి పెట్టి వింటే తప్ప మొదలైందనే తెలియదు. మీరు వెళ్ళని గదిలో మీ చెవులు ఏం చేస్తున్నాయి?"

"నేను పెద్దమనిషిని," అన్నాడు పళ్ళ డాక్టరు. గొంతులో మెత్తదనం ఉంది గానీ పళ్ళు కనబడటం లేదు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఈ ముసలావిడ కథలకు వారంటు ఇస్తారా?"

"ఇవ్వరు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆపరేటరమ్మా, రుజువు కావాలి."

"చేతులు కట్టుకుని నిలబడండి. అమ్మాయీ, అమ్మ పాట పెట్టి, మౌస్ వదిలి ఇటురా."

అయిదూ ముప్ఫై ఎనిమిది. డాక్టరు తప్ప మిగతా ముగ్గురూ కంప్యూటరుకు ఆరడుగుల దూరంలో నిలబడ్డారు. స్పీకర్లలో ఒక ఆడమనిషి గొంతు మెల్లగా, పదాలు లేకుండా, తనలో తను పాడుకోవడం మొదలుపెట్టింది. గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూస్తూ పెదవులు కదిపాడు. తొమ్మిది. పది. పదకొండు.

రాగం తెగింది. తర్వాతి పాట అందుకుంది.

అక్క గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుంది. "పిన్నిగారూ, అది వింటోంది. ఆరు రోజుల నుంచీ అక్కడే, ఇరవై రెండు అడుగుల దూరంలో ఉండి నాతో పోట్లాడుతోంది. నేను కంప్యూటరు పాడైందనుకున్నాను."

"మళ్ళీ పెట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఒకసారి యాదృచ్ఛికం కావచ్చు. రెండోసారి..." వెనక్కు తిరిగాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. పెరటి తలుపు ఊగుతోంది.

డాక్టరు ముఖం ఎలా మారుతుందో చూడాలన్న ఆశతో ఆపరేటరమ్మ ఆయన ముందే పేక ముక్కలన్నీ పరిచింది. ఆ పిల్ల మెడలో ఏముందో ఆరు రోజులుగా ఆయనకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. చెప్పింది తనే.

"పాట పెట్టు!" అని అరిచింది.

అయిదూ నలభై ఒకటి. రాగం మళ్ళీ మొదలైంది. తొమ్మిది. పది. పదకొండు.

తెగలేదు.

పన్నెండు. పదమూడు. దగ్గు వచ్చింది. ఎనిమిదేళ్ళ నాటి దగ్గు, పెరటినిండా, వీధినిండా. దగ్గు వెనకాలే ఒక నవ్వు, "ఆపవే, నా గొంతేం బాగుందని!" అంటూ.

అక్క గోడ పట్టుకుంది. "అది దాటించలేదు. పిన్నిగారూ, ఎందుకు దాటించలేదు?"

కంప్యూటరు తెర మీద వాల్యూము గీత కదిలింది. ఎవరూ ముట్టుకోకుండానే ఒక్కొక్క మెట్టే పైకి వెళ్ళింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చివరిదాకా వెళ్ళింది. స్పీకర్లు అదిరిపోతున్నాయి.

"పిలుస్తోంది!" అంది ఆపరేటరమ్మ. "పాటను విననిచ్చి మరీ పిలుస్తోంది. పదండి!"

ఇన్‌స్పెక్టరు అప్పటికే పెరట్లో ఉన్నాడు. ఆవిడ గుమ్మం దాటేలోపే శబ్దం ఒక్కసారి చచ్చిపోయింది. గీత అడుక్కు పడింది.

"అది దాని చెయ్యి కాదు," అంది అక్క. "అది మెట్టు మెట్టుగా నొక్కుతుంది. నొక్కి పట్టుకోదు."

"మౌస్ పట్టుకో. పెంచు. ఆయన తగ్గిస్తే నువ్వు మళ్ళీ పెంచు. ఆయన తగ్గిస్తున్నంతసేపూ ఒక చెయ్యి ఆ బటన్ మీదే ఉంటుంది. ఆ చెయ్యి ఖాళీ కానివ్వకు!"

అక్క కుర్చీలో పడినట్టు కూర్చుంది. "తగ్గించరా," అంది పళ్ళ మధ్య నుంచి. "తగ్గించు. నేను రోజంతా పెంచుతాను." గీతను పైకి లాగింది. కిందికి పడింది. లాగింది. పడింది. అమ్మ రాగం మునిగి తేలుతూ, మునిగి తేలుతూ గోడ దాటుతోంది.

పడమటి గోడ దగ్గర స్టూలు మీద ఇన్‌స్పెక్టరు నిలబడి చెయ్యి అందించాడు. "మీ మోకాళ్ళు..."

"మోకాళ్ళ సంగతి రేపు చూసుకుందాం. లాగండి."

గోడ మీద బోర్లా పడి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఆవిడ అవతలికి జారింది. ఇన్‌స్పెక్టరు పక్కనే దూకాడు. వెనక నుంచి అక్క కేక వినిపించింది.

"నాలుగోసారి పెంచాను! తగ్గించడం లేదు!"

తగ్గించడం లేదంటే రిమోటు కింద పెట్టేశాడు. రెండు చేతులూ ఖాళీ.

అంతలో అమ్మ రాగం ఠక్కున తెగింది. వేరే పాట. అది తెగింది. ఇంకో పాట. అదీ తెగింది. పాట మీద పాట, పాట మీద పాట, ఎవరో కిందపడ్డ రిమోటును అందుకుని ఒకటే బటన్ నొక్కుతున్నట్టు.

"అది దాని చెయ్యే!" ఇంట్లోంచి అక్క ఏడుస్తూ నవ్వుతూ అరుస్తోంది. "కొట్టవే! కొట్టు! ఆపకు!"

వెనక గది తలుపు ముందు ఇద్దరూ ఆగారు. గొళ్ళేనికి నూనె రాసి ఉంది. తుప్పు పట్టిందన్న తాళం కిటికీ అంచున మెరుస్తోంది, కొత్తది. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. లోపల ఏదో గాజు పగిలింది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి గడ్డిలో పడేశాడు. తలుపుకు భుజం ఆనించి ఆవిడ వైపు చూశాడు.

ఆపరేటరమ్మ పిడికిలి బిగించి తలుపు మీద మూడుసార్లు కొట్టింది.

"డాక్టరు గారూ," అంది, పాటల హోరును మించిన గొంతుతో. "నంబరు కలిసింది. ఎత్తండి!"